అందాల్సిన ఇంటికి అందని ఉత్తరం: మెల్‌బోర్న్‌లో ఒక ప్లానింగ్ పర్మిట్ కేసు

మెల్‌బోర్న్‌లో ప్లానింగ్ కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. మనవాళ్ళు ఎవరు వచ్చినా మొదటి మీటింగులో ఒక ప్రశ్న తప్పదు: "అన్నా, పక్కోళ్ళకి తెలియకుండా అయిపోదా ఇది?" 2023లో చేసిన ఒక చైల్డ్‌కేర్ సెంటర్ కేసు గురించి రాస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు మొత్తం అందులోనే ఉంది. కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) పేరు, వీధి పేరు చెప్పను. పడమటి వైపు పాత శివారు అనుకోండి చాలు.

ఆ ప్రశ్న అడిగినవాళ్ళని తప్పు పట్టలేం. తెలంగాణలో 2020లో వచ్చిన బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లయితే అసలు అనుమతే అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో వచ్చేస్తుంది. మాస్టర్ ప్లాన్‌లో భూవినియోగం మార్చేటప్పుడు పేపర్లో ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతారు గానీ, పక్కింటాయన రెండంతస్తులు లేపుతున్నాడని మీ ఇంటికి ఉత్తరం రాదు. ఇక్కడ, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో, ప్లానింగ్ పర్మిట్ కావాల్సిన పనైతే మామూలుగా వస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే మన భాషలో "మున్సిపాలిటీ నోటీసు ఇచ్చింది" అంటే ఏదో కూలగొట్టబోతున్నారని అర్థం. కొత్తగా ఇల్లు కొనుక్కున్న కుర్రాళ్ళు ఆ కవరు చింపి చూసి, ఫైన్ ఎంత కట్టాలన్నా అని నాకు ఫోన్ చేసిన సందర్భాలున్నాయి. ఫైనూ లేదు ఏమీ లేదు, పక్కన ఎవరో ఏదో కట్టబోతున్నారు, నీకేమైనా ఇబ్బందైతే చెప్పమని అడుగుతున్నారు, అంతే.

ఇక కేసు. క్లయింట్లు ఖమ్మం వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఆయన ఐటీ, ఆవిడ పదేళ్ళుగా వేరేవాళ్ళ చైల్డ్‌కేర్‌లలో పనిచేసి, సొంతంగా ఒకటి పెట్టాలని పట్టుబట్టారు. మూలమీద పక్కపక్కనే రెండు పాత ఇళ్ళు కొన్నారు, రెండూ కలిపి దాదాపు 1,400 చదరపు మీటర్లు. జనరల్ రెసిడెన్షియల్ జోన్. అక్కడ చైల్డ్‌కేర్‌కి పర్మిట్ కావాలి, నిషేధమైతే లేదు. టైటిల్ మీద ఒకే ఇల్లు కట్టాలనే కవనెంట్, అంటే స్థలానికి కట్టుబడి ఉండే షరతు, లేదు, అది ముందే చూశాను. కొత్త ఎస్టేట్లలో స్థలం కొనేవాళ్ళు ముందు అదే చూసుకోవాలి, ఎందుకంటే కవనెంట్‌ని ఉల్లంఘించే పర్మిట్‌ని కౌన్సిల్ ఇవ్వాలనుకున్నా ఇవ్వలేదు.

66 మంది పిల్లలకి దరఖాస్తు వేశాం. ఆ 66 గాలిలోంచి రాలేదు. మూడేళ్ళలోపు పిల్లలు నలుగురికి ఒక ఎడ్యుకేటర్, మూడేళ్ళు దాటినవాళ్ళు 11 మందికి ఒకరు ఉండాలి. 44 మంది చిన్నవాళ్ళు, 22 మంది పెద్దవాళ్ళు అంటే మొత్తం 13 మంది సిబ్బంది, ఒక్కరు కూడా వేస్టు కాకుండా లెక్క కుదిరింది. బయట ఆడుకునే స్థలం పిల్లకి 7 చదరపు మీటర్లు, అంటే 462. పార్కింగ్ పిల్లకి 0.22 చొప్పున 14.52, పాయింటు తర్వాతది వదిలేస్తే 14. మా ప్లాన్‌లో 13 వచ్చాయి, ఎందుకంటే ముందున్న పెద్ద యూకలిప్టస్ చెట్టుని ఉంచితే ఒక కారు చోటు పోయింది. ఒక్కటే కదా, తగ్గింపు అడుగుదాం అన్నాను. ఆ మాట అన్నది నేనే, క్లయింటు కాదు. తర్వాత దాని మీదే ఊరంతా ఏకమైంది.

ఫిబ్రవరిలో వేశాం, 26వ రోజున ఇంకా వివరాలు కావాలని కౌన్సిల్ నుంచి లెటర్ వచ్చింది. 28 రోజుల లోపు అడిగితే నిర్ణయానికి వాళ్ళకుండే 60 రోజుల గడియారం మనం జవాబిచ్చేదాకా మొదలవదు, అందుకని చివర్లో అడగడం మామూలే. ట్రాఫిక్ రిపోర్టు, శబ్దం మీద రిపోర్టు, చెట్టు రిపోర్టు అన్నీ సరిచేసి ఏప్రిల్‌లో ఇచ్చాం. మే నెలలో నోటీసు దశ.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. 1987 ప్లానింగ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ యాక్టు, సెక్షన్ 52. ఆనుకుని ఉన్న స్థలాల యజమానులకీ, అందులో ఉండేవాళ్ళకీ ఉత్తరం వెళ్ళాలి, ఈ పర్మిట్ వల్ల ఎవరికీ చెప్పుకోదగ్గ నష్టం లేదని కౌన్సిల్‌కి నమ్మకం కుదిరితే తప్ప. ఇంకెవరికైనా నష్టం ఉండొచ్చనిపిస్తే వాళ్ళకి కూడా. యజమానికి వేరు, అద్దెకున్నవాళ్ళకి వేరు, కాబట్టి ఒకే ఇంటికి రెండు ఉత్తరాలు వెళ్ళొచ్చు. స్థలం మీద బోర్డు పెట్టమనొచ్చు, పేపర్లో వేయమనొచ్చు. ఆఖరి నోటీసు ఇచ్చిన రోజు నుంచి 14 రోజులు కాకుండా కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు. ఉత్తరంలో "ఫలానా తేదీకి ముందు నిర్ణయం తీసుకోము" అని ఒక తేదీ ఉంటుంది. జనం దాన్ని అభ్యంతరానికి ఆఖరి తేదీ అనుకుంటారు. కాదు. నిర్ణయం వెలువడేదాకా వచ్చిన ప్రతి అభ్యంతరాన్నీ చూడాల్సిందే. ఈ ఒక్క ముక్క తెలియక 15వ రోజున "హమ్మయ్య, అయిపోయింది" అనుకునే క్లయింట్లు, "అయ్యో, దాటిపోయింది" అనుకునే పొరుగువాళ్ళు, ఇద్దరూ ఉంటారు.

మా కేసులో కౌన్సిల్ 34 ఉత్తరాలు తనే పంపింది, బోర్డులు మాత్రం మమ్మల్ని పెట్టమంది. మూల స్థలం కాబట్టి రెండు వీధుల వైపూ ఒక్కొక్కటి. పసుపు రంగు కాగితం, లామినేషన్ చేయించి, కొయ్య గుంజకి కొట్టి, రోడ్డు మీద నడిచేవాళ్ళకి కనపడేలా పెట్టాలి. 14 రోజులు నిలబడి ఉందని చివర్లో చట్టబద్ధమైన డిక్లరేషన్ సాక్షి ముందు సంతకం పెట్టి ఇవ్వాలి. అందులో అబద్ధం రాస్తే నేరం.

సోమవారం పెట్టాం. మెయిన్ వీధి బోర్డు బానే ఉంది. పక్కవీధి బోర్డు తొమ్మిదో రోజు పొద్దున నేను అటువైపు వెళ్ళినప్పుడు లేదు. గుంజ ఉంది, కాగితం లేదు. గాలికి పోయిందో, ఎవరన్నా పీకేశారో, ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు. క్లయింటుకి ఫోన్ చేశాను.

"ఇంకోటి పెట్టేద్దాం అన్నా. ఎవరు చూశారు? 14 రోజులు అయ్యాక సంతకం పెట్టేస్తే సరిపోతుంది కదా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అనే సామెత మనదే కదా. చూసినవాళ్ళుంటారు. బోర్డు లేని వీధిని ఫోన్లో ఫోటో తీసి, తేదీతో సహా దాచుకున్న పొరుగువాళ్ళు నాకు వేరే కేసుల్లో తగిలారు. అదీ కాక ఆ కాగితం మీద సంతకం నాది. కౌన్సిల్ ప్లానర్‌కి అదే రోజు మెయిల్ పెట్టాను, ఇలా జరిగింది, ఎప్పుడు పోయిందో చెప్పలేను అని. ఆవిడ నేను ఊహించిన జవాబే ఇచ్చారు: మళ్ళీ 14 రోజులు. క్లయింటుకి రెండు ఇళ్ళ మీద వడ్డీ నడుస్తోంది, కోపం వచ్చింది, వచ్చిందంటే న్యాయమే. ఈసారి కాగితాన్ని నాలుగు మూలలా కేబుల్ టైలతో బిగించాం, ఆయనే రోజూ ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఫోటో తీసి పంపేవారు. మళ్ళీ పెట్టేటప్పుడు ఇంకో చిన్న పని కూడా అయింది. మొదటి బోర్డు మీద "కార్ పార్కింగ్ తగ్గింపు" అని ఊరికే ఉంది, ఎంతో లేదు. దారినపోయేవాడు అది చదివి పార్కింగే లేదనుకుంటాడు. "ఒక కారు స్థలం తగ్గింపు" అని రాయొచ్చా అని అడిగితే ప్లానర్ ఒప్పుకున్నారు. ఆ మాట మొదటి రోజునుంచే ఉండుంటే కొన్ని అభ్యంతరాలు రాకపోయేవని ఇప్పటికీ అనుకుంటాను.

అసలు సంగతి ఇక్కడే మొదలైంది. ఆ కొత్త బోర్డు పాతుతుండగా పక్కవీధిలో మా వెనక కంచెని ఆనుకుని ఉన్న ఇంటి ముందు రెండు పోస్టు డబ్బాలు కనిపించాయి. ఒకదాని మీద నంబరు, రెండోదాని మీద అదే నంబరు పక్కన 'A' అక్షరం. మా సర్వేయర్ ఏడాది కిందట కొలతలు తీసినప్పుడు అక్కడ ఇటుకలు, ఇసుక కుప్పలు ఉండేవి, డ్రాయింగ్ మీద "నిర్మాణంలో ఉంది" అని రాసి వదిలేశాడు. ఇప్పుడు పాత స్థలంలో రెండు టౌన్‌హౌస్‌లు లేచాయి, వెనకది సరిగ్గా మా కంచె మీదకి, పై అంతస్తులో బెడ్‌రూమ్ కిటికీ మా ఆటస్థలం వైపు. ఆఫీసుకొచ్చి ల్యాండాటాలో (ఇక్కడి భూమి రికార్డులు ఆన్‌లైన్‌లో దొరికే చోటు) టైటిల్ తీశాను. విభజన ప్లాన్ రిజిస్టర్ అయిపోయింది, కొత్త టైటిళ్ళు, కొత్త యజమానులు. కౌన్సిల్ పంపిన 34 చిరునామాల జాబితా అడిగి తెప్పించుకుని చూస్తే అందులో ఆ 'A' నంబరు లేదు. కౌన్సిల్ రికార్డుల్లోకి కొత్త నంబరు ఇంకా ఎక్కలేదు. ఉత్తరం పాత యజమాని, అంటే కట్టి అమ్మేసిన బిల్డర్ ఆఫీసుకి పోయింది.

క్లయింటుకి చెప్పాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "అన్నా, వాళ్ళకి లెటర్ పోకపోవడం కౌన్సిల్ తప్పు కదా. మనమెందుకు చెప్పాలి? వాళ్ళు అబ్జెక్షన్ పెడితే మనకే కదా నష్టం."

ఇది చాలామంది అడిగేదే, కొందరు కన్సల్టెంట్లు లోలోపల అనుకునేదే. నా లెక్క వేరు. ఆ ఉత్తరం పొరుగువాళ్ళకి ఎంత అవసరమో మన పర్మిట్‌కి అంతకంటే ఎక్కువ అవసరం. సెక్షన్ 89 అని ఒకటుంది. నాకు నోటీసు రావాల్సింది, రాలేదు అని ఎవరైనా పర్మిట్ వచ్చిన తర్వాత కూడా వీక్యాట్ అనే ట్రిబ్యునల్‌కి వెళ్ళి, పర్మిట్ రద్దు చేయమనో మార్చమనో అడగొచ్చు. అడగ్గానే రద్దు చేసేస్తారని కాదు, నోటీసు రాకపోవడం వల్ల గట్టి నష్టం జరిగిందని చూపించాలి, రద్దు చేయడం న్యాయమేనని ట్రిబ్యునల్‌కి అనిపించాలి. కానీ కంచె అవతల పది అడుగుల్లో పడుకునే మనిషికి ఇవి చూపించడం ఏమంత కష్టం? ఈలోపు పని ఆపమనే అధికారం కూడా ట్రిబ్యునల్‌కుంది. అప్పటికి క్లయింట్లు బ్యాంకు లోన్ తీసుకుని, బిల్డర్‌తో కాంట్రాక్టు సంతకం పెట్టి, స్లాబ్ పోసి ఉంటారు. ఇప్పుడు ఒక అభ్యంతరం వస్తే కాగితం మీద గీతలు మారుతాయి, అప్పుడొస్తే కాంక్రీటు మారాలి. ఇలా చెప్పాక ఆయన ఏమీ అనలేదు, వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది: "చెప్పేయమనండి."

చెప్పాను. 35వ ఉత్తరం వెళ్ళింది, దానికి మళ్ళీ 14 రోజులు.

ఆ ఇంట్లో ఉండేది ఒక నర్సు. నైట్ డ్యూటీలు. మూడు వారాల కిందటే దిగారు. ఆవిడ అభ్యంతరం రెండు పేరాలు, కోపం లేదు, నేను పొద్దున ఎనిమిదింటికి పడుకుంటాను, మీ పిల్లలు సరిగ్గా నా కిటికీ కింద ఆడతారు అని రాశారు. అప్పుడు మా శబ్ద రిపోర్టు తీసి చూస్తే నాకే సిగ్గేసింది. అందులో వెనక ఒకే ఒక్క ఒంటి అంతస్తు ఇల్లు, కంచెకి దూరంగా. రెండు మీటర్ల పైచిలుకు కంచె కడితే శబ్దం ఆగిపోతుందని లెక్క. పై అంతస్తు కిటికీకి కంచె ఏం అడ్డం? ఆ లెక్కే తప్పు, దాన్ని చదివి సరేనన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, కౌన్సిల్ కూడా ఉంది. ఆ ఉత్తరం వెళ్ళకపోయుంటే ఈ తప్పు పర్మిట్‌తో పాటే స్టాంపు పడి ఉండేది.

మిగతా అభ్యంతరాలు 22. అందులో 15 ఒకే నమూనా, పేర్లు, సంతకాలు మాత్రం వేరు. ఎవరో టైపు చేసి ఇంటింటికీ పంచారు. పార్కింగ్, పొద్దున ట్రాఫిక్, ఇళ్ళ మధ్య వ్యాపారమేంటి, మా ఇళ్ళ రేట్లు పడిపోతాయి. రేట్ల సంగతిని ప్లానింగ్‌లో పట్టించుకోరు. ఒకటి దగ్గర్లో ఇప్పటికే నడుస్తున్న చైల్డ్‌కేర్ వాళ్ళది. ముఖ్యంగా వ్యాపార లాభం కోసమే పెట్టిన అభ్యంతరాన్ని కౌన్సిల్ తోసిపుచ్చొచ్చని చట్టంలో ఉంది, క్లయింటు అది వాడమని పట్టుబట్టారు. నేను అడగలేదు. నిజం చెప్పాలంటే ట్రాఫిక్ మీద అందరికంటే పద్ధతిగా రాసింది వాళ్ళే, దానికి జవాబు ఎలాగూ చెప్పాల్సిందే. రెండు తెలుగు కుటుంబాలవి కూడా ఉన్నాయి. అభ్యంతరం కాపీ దరఖాస్తుదారు చూడొచ్చని, ఎవరడిగినా కౌన్సిల్ చూపించాల్సిందేనని వాళ్ళకి తెలియదు. ఇంటిపేరు చూసి మా క్లయింటు "వీళ్ళు మనోళ్ళే కదా!" అని గంటసేపు బాధపడ్డారు.

సంఖ్య చూసి భయపడేవాళ్ళకి ఒక మాట. 2014లో ఇదే రాష్ట్రంలోని బెండిగో అనే ఊళ్ళో మసీదుకి కౌన్సిల్ పర్మిట్ ఇచ్చినప్పుడు వందలకొద్దీ అభ్యంతరాలొచ్చాయి, వీధుల్లో ఊరేగింపులయ్యాయి. అయినా 2015లో వీక్యాట్ ఆ పర్మిట్‌ని నిలబెట్టింది, 2016లో హైకోర్టు అప్పీలు కూడా వినడానికి ఒప్పుకోలేదు. (ఇక్కడ హైకోర్టు అంటే దేశం మొత్తానికి పెద్ద కోర్టు, మన సుప్రీంకోర్టు లాంటిది.) గుడి కట్టాలని వచ్చే మనవాళ్ళకి ఈ కథ చెబుతుంటాను, కారణం లేని వంద కాగితాల కంటే కారణమున్న ఒక్క కాగితం బరువు అని. అలాగని సంఖ్యకి విలువే లేదనుకోకండి. 2015లో చట్టం మార్చి, సమాజం మీద పెద్ద ప్రభావం ఉంటుందా అని తేల్చేటప్పుడు ఎంతమంది అభ్యంతరపెట్టారో కూడా చూడమన్నారు. పైగా చాలా కౌన్సిళ్ళలో సంఖ్య ఒక గీత దాటితే ఫైలు ఆఫీసర్ల చేతుల్లోంచి కౌన్సిలర్ల సమావేశానికి పోతుంది. మాది దాటింది.

కౌన్సిల్ ముందుగా ఒక మాటామంతీ సమావేశం పెట్టింది, మంగళవారం సాయంత్రం ఆరున్నరకి, కమ్యూనిటీ హాల్లో. దాదాపు పాతికమంది వచ్చారు. మొదటి అరగంట అరుపులే. తర్వాత పక్కవీధిలో ఎదురింటి పెద్దావిడ లేచి అడిగారు, మీ చెత్త లారీ ఎక్కడ ఆగుతుంది? మా ప్లాన్ ప్రకారం సరిగ్గా ఆవిడ గేటు ఎదురుగా. పొద్దున ఆరింటికి లారీ అక్కడ ఆగితే ఆవిడ కారు వెనక్కి తీయలేరు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి భర్తని తీసుకెళ్ళాలి. హాలంతా నిశ్శబ్దమైపోయింది. మా ట్రాఫిక్ ఇంజనీరు దగ్గర దీనికి జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. అప్పుడు మా క్లయింటు భార్య లేచి, ఇంకెవరి అనుమతీ అడక్కుండా, "లారీ మా లోపలికే వస్తుంది, ఏడు దాటాకే వస్తుంది" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది, లోపల లారీ తిరగడానికి చోటుందో లేదో నాకే తెలీదు. మర్నాడు గీసి చూస్తే 6.4 మీటర్ల చిన్న లారీకి సరిపోయింది, ఏదో అదృష్టం.

ఆ రాత్రి ఇంటికొచ్చాక లెక్క మళ్ళీ మొదటినుంచి వేశాను. 44 మంది చిన్నవాళ్ళ బదులు 40 అనుకుంటే? ఒక ఎడ్యుకేటర్ తగ్గుతారు. మొత్తం 62. పార్కింగ్ 62 ఇంటూ 0.22, 13.64, అంటే 13. మా దగ్గరున్నవి 13. తగ్గింపు అడగాల్సిన అవసరమే లేదు. ఆటస్థలం 462 నుంచి 434కి దిగుతుంది, మిగిలిన 28 మీటర్లూ వెనక కంచె పొడవునా పిల్లలు రాని చెట్ల పట్టీగా వదిలేయొచ్చు. నలుగురు పిల్లల కోసం ఊరంతటితో పోట్లాడుతున్నామన్నమాట. ఈ లెక్క ఫిబ్రవరిలోనే నాకు తట్టి ఉండాల్సింది.

సెక్షన్ 57ఏ కింద మార్చిన దరఖాస్తు ఇచ్చాం. నోటీసు తర్వాత ఇలా మారిస్తే ఆ రోజునే దరఖాస్తు వేసినట్టు లెక్క, 60 రోజులూ మళ్ళీ ఒకటి నుంచి. పాత అభ్యంతరాలు రద్దవవు, కొత్తదాని మీదకి కూడా వస్తాయి. మళ్ళీ ఎవరెవరికి నోటీసు పంపాలో కౌన్సిల్ చూసుకుంటుంది. ఈసారి అభ్యంతరపెట్టిన 23 మందికీ, ఆనుకున్న ఇళ్ళకీ వెళ్ళింది. పెద్ద పిల్లల ఆటస్థలాన్ని వెనకనుంచి పక్కవీధి మూలకి మార్చాం, వెనక వైపు ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో పరిమితి పెట్టాం, శబ్ద రిపోర్టు ఆ పై కిటికీ దగ్గర కొలిచి మళ్ళీ రాయించాం. నర్సు కిటికీకి రెండో అద్దం వేయించడానికి క్లయింటే ఒప్పుకున్నారు. పర్మిట్ షరతుల్లో అది రాయలేం, స్థలం వేరేవాళ్ళది కాబట్టి. విడిగా ఒక ఉత్తరం రాసిచ్చారు. ఆవిడ అభ్యంతరం వెనక్కి తీసుకున్నారు. పెద్దావిడ తీసుకోలేదు, "లారీ నిజంగా ఏడుకొస్తుందో లేదో చూశాక చెబుతా" అన్నారు. ఆవిడతో నేను వాదించలేదు. తెలుగు కుటుంబాల్లో ఒకటి వెనక్కి తీసుకుని, వెయిటింగ్ లిస్టు ఎప్పుడు తెరుస్తారని అడిగింది.

నవంబరులో కౌన్సిలర్ల సమావేశంలో ఆమోదం పడింది. అభ్యంతరాలున్నాయి కాబట్టి వెంటనే పర్మిట్ రాదు, ఇవ్వాలని నిర్ణయించామనే నోటీసు వస్తుంది, అభ్యంతరదారులు వీక్యాట్‌కి వెళ్ళడానికి 28 రోజులు. ఆ 28 రోజులూ క్లయింటు రోజూ పొద్దున్నే "ఎవరైనా వేశారా అన్నా" అని మెసేజి. టెన్షన్‌తో ఆయన బరువు తగ్గారని ఆవిడ చెప్పారు. ఎవరూ వేయలేదు. దరఖాస్తు వేసిన దగ్గర్నుంచి పర్మిట్ చేతికి రావడానికి దాదాపు పది నెలలు. బోర్డు పోవడం వల్ల రెండు వారాలు, 35వ ఉత్తరం వల్ల ఇంకో వారం పదిరోజులు, మార్చిన దరఖాస్తు వల్ల రెండు నెలల పైన. మొదటి రెండింటినీ కౌన్సిల్ ఖాతాలోనో గాలి ఖాతాలోనో వేయొచ్చు గానీ, మూడోది పూర్తిగా నాది. దరఖాస్తు వేసే ముందు ఆ రెండు వీధుల్లో ఒక గంట నడిచి, నాలుగు తలుపులు తట్టి ఉంటే పోస్టు డబ్బా, లారీ రెండూ ఫిబ్రవరికి ముందే దొరికేవి. ఇప్పుడు ఏ కేసైనా ఫీజు కోట్ చేసేటప్పుడే ఆ గంటని కలిపేస్తున్నాను, ఎందుకని అడిగితే ఈ కథ చెబుతాను.

మొన్నామధ్య అదే క్లయింటు ఫోన్ చేశారు, తన సొంత ఇంటి వెనక ఇంకో టౌన్‌హౌస్ కడతారట. 2025 మార్చి నుంచి మూడంతస్తుల దాకా టౌన్‌హౌస్‌లకి కొత్త కోడ్ వచ్చింది, అందులోని కొలతలన్నీ పాటిస్తే అభ్యంతరదారులు వీక్యాట్‌కి వెళ్ళే దారి లేదు.

"అయితే ఇక బోర్డు, ఉత్తరాలు అక్కర్లేదు కదా అన్నా?"

"అవి మామూలే. వీక్యాట్ ఒక్కటే లేదు."

ఒక క్షణం ఆగి అన్నారు, "సరేలే, పాత కేబుల్ టైలు గరాజ్‌లో ఇంకా ఉన్నాయి. పక్కింటాయనకి ఆదివారం నేనే చెప్పొస్తా."